నీళ్లు ఎక్కువ తాగితే కిడ్నీ కడిగినట్టవుతుందా?

తాడిపత్రి నుంచి ఒక అబ్బాయి అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల నాయనకు 52 ఏళ్లు. నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో పని. బీపీకి టెల్మిసార్టన్ వేసుకుంటాడు. నడుము పట్టేసినప్పుడల్లా మెడికల్ షాపులో అడిగి నొప్పి మాత్రలు తెచ్చుకుంటాడు. పోయిన వారం రక్తపరీక్షలో, కిడ్నీ పనితీరు చూడటానికి కొలిచే క్రియాటినిన్ 1.4 వచ్చింది. "కిడ్నీ అంటే ఫిల్టరే కదా, రోజుకు ఆరు లీటర్లు తాగితే కడిగినట్టు అయిపోతుంది" అని ఒకరన్నారట. "మజ్జిగలో ఉప్పు కూడా ముట్టకూడదు" అని ఇంకొకరు. ఏది నిజం, అసలు కిడ్నీ రక్తాన్ని ఎట్లా వడకడుతుంది అని అడుగుతున్నాడు.

ముందు కావాల్సిన జవాబు చెప్పేస్తాను. ఆరు లీటర్లు లెక్క పెట్టుకుని తాగాల్సిన పని లేదు. చెమటలు కారే పని చేసే మనిషికి ఉప్పు పూర్తిగా మాన్పించడమూ సరికాదు. మీరు రాసినదాంట్లో నాకు టెన్షన్ పెట్టింది ఆ నొప్పి మాత్రలు. వాటిని ఇవాళే ఆపించండి. బీపీ మాత్ర మాత్రం సొంతంగా ఆపకండి. ఎందుకు చెబుతున్నానో తెలియాలంటే కిడ్నీ పని కొంచెం వివరంగా చూడాలి. అనంతపురంలో కిడ్నీ రోగుల్ని చూసే నాకు ఓపీలో దీనికి టైం చాలదు, ఇక్కడైనా తీరిగ్గా చెప్పనివ్వండి.

కిడ్నీని ఫిల్టర్ అనడం తప్పు కాదు. కానీ అది సగం మాట. రెండో సగం తెలియకపోవడం వల్లే ఈ "కడగడం" అనే ఆలోచన వస్తుంది.

రెండు కిడ్నీలూ కలిపి తూచితే 300 గ్రాములు. ఒంటి బరువులో అర శాతం కూడా ఉండవు. అయినా గుండె నిమిషానికి కొట్టే ఐదు లీటర్ల రక్తంలో లీటరుకు పైగా వీటికే పోతుంది. వాటి ఆకలి తీరడానికైతే అంత రక్తం అక్కర్లేదు, శుద్ధి చేయడానికే అంత. ఒక్కో కిడ్నీలో సగటున పది లక్షల నెఫ్రాన్లు, అంటే చిన్న చిన్న వడపోత యూనిట్లు ఉంటాయి. కొందరు పుట్టుకతోనే తక్కువతో పుడతారు, కొందరికి రెట్టింపు ఉంటాయి. పుట్టాక కొత్తవి రావు, పోయింది పోయినట్టే. ఒక్కో నెఫ్రాన్ మొదట్లో సన్నటి రక్తనాళాలు ముడి పడి ఉంటాయి. దాన్ని గ్లోమెరులస్ అంటారు, మిల్లీమీటరులో ఐదో వంతు ఉంటుంది. దాని చుట్టూ ఒక తొడుగు, ఆ తొడుగు నుంచి మొదలయ్యే పొడవాటి నాళిక. ఇంతే సరంజామా. ఆ ముడిని 1666లో ఇటలీ డాక్టర్ మాల్పిగీ చూశాడు, తొడుగుకీ నాళికకీ సంబంధం 1842లో ఇంగ్లండ్ డాక్టర్ బౌమన్ చూపించాడు.

వడపోతకు కావాల్సింది ఒత్తిడి. ఒంట్లో మిగతా చోట్ల సన్న రక్తనాళాల్లో ఒత్తిడి తక్కువ. గ్లోమెరులస్‌లో మాత్రం పాదరసం లెక్కలో 60 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. ఎందుకంటే అక్కడికి రక్తం తెచ్చే నాళం వెడల్పుగా, తీసుకుపోయే నాళం ఇరుకుగా ఉంటుంది. ఈ 60 మీద రెండు వ్యతిరేక బలాలు పని చేస్తాయి. రక్తంలోని ప్రోటీన్లు నీటిని తమ వైపు లాగే బలం 32, తొడుగులో అప్పటికే ఉన్న ద్రవం ఎదురొత్తిడి 18. అవి రెండూ పోగా మిగిలేది 10. పుస్తకాల్లో చెప్పే లెక్క ఇది. ఇంత చిన్న మిగులు మీదే మొత్తం వడపోత నడుస్తుంది. పైన 60 కాస్త దిగితే చాలు, వడపోత పడిపోతుంది. ఈ విషయం గుర్తు పెట్టుకోండి, నొప్పి మాత్రల దగ్గర మళ్లీ కావాలి.

ఆ మిగులు ఒత్తిడితోనే నిమిషానికి 125 మిల్లీలీటర్ల ద్రవం తొడుగులోకి దిగుతుంది. రోజుకు 180 లీటర్లు. మన ఒంట్లో ప్లాస్మా ఉండేది మూడు లీటర్లే, అంటే మొత్తం ప్లాస్మా రోజుకు అరవై సార్లు వడకట్టబడుతుంది. రక్తకణాలు దిగవు. అల్బుమిన్ లాంటి ప్రోటీన్లూ దాదాపు దిగవు. వడపోత పొరకు రుణావేశం ఉంటుంది, అల్బుమిన్‌కూ రుణావేశమే. సైజు పెద్దది కావడం ఒక అడ్డు, ఈ వికర్షణ ఇంకో అడ్డు. షుగరు, బీపీ ఏళ్ల తరబడి అదుపులో లేనివాళ్లకు ఈ పొర దెబ్బ తింటుంది, మూత్రంలో నురుగు నిలబడుతుంది. కొద్దిపాటి నురుగు అందరికీ వస్తుంది. పోసిన కాసేపటికి కూడా అణగకుండా, రోజూ అట్లాగే ఉంటే పరీక్ష చేయించాలి.

సరే, 180 లీటర్లు దిగింది. బయటికి వచ్చేది లీటరున్నర. మిగతాది ఎక్కడికి పోయింది?

ఈ ప్రశ్న మీద పెద్ద డాక్టర్లే దశాబ్దాల పాటు వాదించుకున్నారు. తేల్చిన ప్రయోగం 1924లో అమెరికాలోని పెన్సిల్వేనియా యూనివర్సిటీలో జరిగింది. వెర్న్, రిచర్డ్స్ అనే ఇద్దరు కప్ప కిడ్నీని మైక్రోస్కోపు కింద పెట్టి, వెంట్రుక కంటే సన్నటి గాజు సూదిని ఆ తొడుగులోకే గుచ్చి, అప్పుడే వడకట్టబడిన ద్రవాన్ని చుక్కలో చిన్న భాగమంత పైకి లాగారు. అందులో గ్లూకోజు ఉంది, క్లోరైడ్ ఉంది. అదే కప్ప మూత్రాశయంలో ఉన్న మూత్రంలో అవి లేవు. పైన ఉన్న సరుకు కిందికి వచ్చేసరికి మాయం. అంటే దారిలో నాళిక దాన్ని వెనక్కి తీసేసుకుంటోంది. ఆ చిన్న సూది తెచ్చిన చుక్కతో కిడ్నీ గురించి మన ఆలోచనే తిరిగిపోయింది. నాకు వైద్యశాస్త్రంలో బాగా ఇష్టమైన ప్రయోగాల్లో ఇదొకటి. ఖరీదైన మెషిన్ ఏదీ లేదు, ఉన్నదల్లా ఓపికే.

ఉగాదికి ముందు మన ఇళ్లలో సామాన్లన్నీ వాకిట్లో పెట్టి, సున్నం వేశాక, కావాల్సినవి మాత్రం ఏరి లోపల పెట్టుకుంటాం చూడండి, కిడ్నీ పద్ధతి అచ్చం అదే. ఏది చెత్తో వెతికి పట్టుకుని పారేయడం దాని పద్ధతి కాదు. మంచీ చెడూ అన్నీ బయట పెడుతుంది, తర్వాత తనకు కావాల్సినవి ఒక్కొక్కటే వెనక్కి తీసుకుంటుంది. మిగిలిందే మూత్రం. ఈ పద్ధతిలో ఒక గొప్ప లాభం ఉంది. ఒంట్లోకి రోజూ ఏ కొత్త మందు వచ్చినా, ఏ కొత్త విషం వచ్చినా దాన్ని గుర్తు పట్టే పని లేదు. వెనక్కి తీసుకోకపోతే చాలు, అదే పోతుంది.

వెనక్కి తీసుకునే లెక్క చూస్తే కళ్లు తిరుగుతాయి. రోజుకు 180 గ్రాముల గ్లూకోజు దిగుతుంది, ఆరోగ్యవంతుడిలో దాదాపు అంతా వెనక్కి వస్తుంది. రక్తంలో షుగరు 180 దాటితేనే నాళికకు అందనంత అయి మూత్రంలో కనిపిస్తుంది. ఉప్పు లెక్క ఇంకా విచిత్రం. రోజుకు వడకట్టబడే సోడియాన్ని వంటింటి ఉప్పు లెక్కలో చెబితే దాదాపు కిలోన్నర. మనం రోజంతా తినేది మహా అయితే పది గ్రాములు, అటూ ఇటూ. కిలోన్నర కింద పోసి, తిన్న ఆ కొన్ని గ్రాముల మేర మాత్రం వదిలి మిగతాదంతా ఎత్తుకోవాలి. ఆ పంపింగ్‌కే కిడ్నీ వాడుకునే ఆక్సిజన్‌లో ఎక్కువ భాగం ఖర్చవుతుంది. పైగా కిడ్నీ లోపలి భాగానికి మామూలు రోజుల్లోనే ఆక్సిజన్ బొటాబొటిగా అందుతుంది. అందుకే ఒంట్లో నీరు ఇంకిపోయినప్పుడు, బీపీ పడిపోయినప్పుడు ముందు దెబ్బ తినేది ఈ నాళికలే.

మొదటి మెలికల్లోనే మూడింట రెండు వంతుల నీరు, ఉప్పు వెనక్కి వచ్చేస్తాయి. అక్కడ పెద్ద నిర్ణయాలేమీ ఉండవు. నాళిక తర్వాత కిడ్నీ లోతుల్లోకి దిగి, మలుపు తిరిగి, మళ్లీ పైకి వస్తుంది. 1862లో ఈ మలుపును వర్ణించిన హెన్లే పేరే దానికి పెట్టారు. దిగే భాగం గోడ నీటిని బయటికి వదులుతుంది. ఎక్కే భాగం గోడ నీటిని అస్సలు వదలదు, ఉప్పును మాత్రం బయటికి తోడుతుంది. ఈ తోడివేత వల్ల కిడ్నీ లోపలి భాగం రక్తం కంటే నాలుగు రెట్లు గాఢంగా తయారవుతుంది. రక్తం గాఢత 290 దగ్గర ఉంటే అక్కడ 1200. ఇంత ఉప్పదనం ఎందుకంటే, చివర్లో మూత్రం బయటికి పోయే గొట్టాలు మళ్లీ దీని మధ్య నుంచే దిగుతాయి. ఆ గొట్టం గోడలో నీటికి దారి తెరిస్తే, నీరు దానంతటదే గాఢంగా ఉన్న వైపు వెళ్లిపోతుంది, మూత్రం చిక్కబడుతుంది. దారి మూస్తే నీరంతా మూత్రంలోనే ఉండి పల్చగా బయటికి పోతుంది. కాళ్ల వాపుకు ఇచ్చే లాసిక్స్ ఆ ఎక్కే భాగంలోని పంపునే ఆపుతుంది. లోపలి ఉప్పదనం తగ్గిపోతుంది, ఇక నీటిని వెనక్కి లాగే శక్తి ఉండదు. అందుకే మాత్ర వేసుకున్న గంటకే బాత్రూంకి పరుగులు.

ఆ దారి తెరవడం, మూయడం ఎవరి చేతిలో ఉంది? మెదడు చేతిలో. మెదడు అడుగున హైపోథాలమస్‌లో రక్తం గాఢతను కొలిచే కణాలున్నాయి. ఒకటి రెండు శాతం పెరిగినా అవి పట్టేస్తాయి. వెంటనే వాసోప్రెసిన్ అనే హార్మోన్ రక్తంలోకి వస్తుంది. అది కిడ్నీ చేరి, గొట్టం కణాల్లో దాచి ఉంచిన నీటి ద్వారాలను గోడలోకి తెచ్చి నిలబెడుతుంది. నిమిషాల్లో జరిగే పని. ఆక్వాపోరిన్లు అనే ఈ నీటి ద్వారాల్ని కనిపెట్టినందుకే పీటర్ ఆగ్రేకు 2003లో కెమిస్ట్రీ నోబెల్‌లో భాగం వచ్చింది. వాసోప్రెసిన్ ఉంటే మూత్రం చిక్కగా, కొంచెంగా. లేకపోతే పల్చగా, ధారాళంగా. మందు తాగితే పదే పదే మూత్రం రావడానికి కారణం కూడా ఆల్కహాల్ ఈ హార్మోన్‌ని అణచడమే. గాఢత ఇంకొంచెం పెరిగితే దాహం వేస్తుంది. వయసు పైబడినవాళ్లకు ఈ దాహం మొద్దుబారుతుంది. అరవై డెబ్బై ఏళ్లవాళ్లు ఎండాకాలం "నాకు దప్పిక కాలేదు" అంటే నమ్మకండి.

ఇక్కడ చాలామంది కలిపేసే రెండు విషయాల్ని విడదీసి చెప్పాలి. రక్తం ఎంత గాఢంగా ఉండాలి అన్నది నీటి లెక్క, అది వాసోప్రెసిన్ చూసుకుంటుంది. ఒంట్లో మొత్తం ద్రవం ఎంత ఉండాలి అన్నది ఉప్పు లెక్క. దీన్ని చూసుకునేది వేరే యంత్రాంగం. గ్లోమెరులస్‌కు రక్తం తెచ్చే నాళం గోడలో ఒత్తిడి తగ్గితే రెనిన్ అనే పదార్థం బయటికి వస్తుంది. 1898లో స్వీడన్‌లో కనిపెట్టారు దీన్ని. రెనిన్ వల్ల రక్తంలో ఆంజియోటెన్సిన్ తయారై రక్తనాళాల్ని బిగిస్తుంది, ఎడ్రినల్ గ్రంథి నుంచి ఆల్డోస్టిరాన్ అనే హార్మోన్‌ని రప్పిస్తుంది, అది కిడ్నీ చేత ఉప్పును పట్టి ఉంచేలా చేస్తుంది. ఉప్పు నిలిస్తే దాని వెంట నీరు నిలుస్తుంది. మరీ ఎక్కువైతే గుండె పైగదులు సాగి, ఉప్పు వదిలేయమని చెప్పే హార్మోన్ వదులుతాయి. ఒంట్లో తొమ్మిది గ్రాముల ఉప్పు అదనంగా నిలిస్తే లీటరు నీరు నిలుస్తుంది. సెలైన్ బాటిల్ మీద 0.9 శాతం అని రాసి ఉండేది ఇదే లెక్క.

ఇప్పుడు మీ నాయన విషయానికి వద్దాం. రోళ్లు పగిలే రోహిణి కార్తె, మధ్యాహ్నం రెండు గంటలు, రేకుల షెడ్డు. అట్లాంటి పనిలో గంటకు లీటరు చెమట పోవడం పెద్ద విషయం కాదు. చొక్కా ఆరాక వీపు మీద తెల్లటి చారలు కనిపిస్తాయి, అది ఉప్పు. చెమటలో ఉప్పు ఉన్నా రక్తంలో ఉన్నంత ఉండదు, కాబట్టి పోయేది నీరే ఎక్కువ. రక్తం గాఢమవుతుంది, వాసోప్రెసిన్ లేస్తుంది, మూత్రం ముదురు పసుపుకు తిరుగుతుంది. ద్రవం కూడా తగ్గింది కాబట్టి రెనిన్ కూడా లేస్తుంది. కిడ్నీ తన బలమంతా పెట్టి నీరూ ఉప్పూ పట్టి ఉంచుతూ, అదే సమయంలో వడపోత పడిపోకుండా కాపాడుకోవాలి.

ఎట్లా కాపాడుకుంటుంది? రెండు చేతులతో. రక్తం తెచ్చే నాళాన్ని ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలతో వెడల్పు చేసి ఉంచుతుంది. తీసుకుపోయే నాళాన్ని ఆంజియోటెన్సిన్‌తో బిగిస్తుంది. రావడం సులువు, పోవడం కష్టం, మధ్యలో ఒత్తిడి నిలబడుతుంది. పైన చెప్పిన ఆ పది మిల్లీమీటర్ల మిగులు ఇట్లా బతుకుతుంది.

డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు ప్రోస్టాగ్లాండిన్లు తయారు కాకుండా ఆపుతాయి. నొప్పి తగ్గేది అందుకే, కిడ్నీకి దెబ్బ తగిలేదీ అందుకే. ముందున్న నాళం ముడుచుకుంటుంది. టెల్మిసార్టన్ ఆంజియోటెన్సిన్ పనిని అడ్డుకుంటుంది, వెనకున్న నాళం వదులవుతుంది. రావడం తగ్గింది, పోవడం పెరిగింది, మధ్యలో ఒత్తిడి ఏం మిగులుతుంది? మామూలు రోజుల్లో ఒంటి నిండా నీరున్నప్పుడు ఈ రెండూ విడివిడిగా చాలామందికి ఇబ్బంది పెట్టవు. ఎండలో ఒళ్లు ఎండిన రోజున రెండూ కలిస్తే ప్రమాదం. మాత్ర పేరు చివర హెచ్ అని ఉంటే అందులో నీరు పోగొట్టే మందు కూడా కలిపి ఉన్నట్టు, అది మూడో దెబ్బ. ఎండాకాలంలో ఓపీకి వచ్చేవాళ్లలో ఈ కథ పదే పదే వింటాను: పని, నొప్పి, మాత్ర, పైన వాంతులో విరేచనాలో. షాపువాడు పేరు రాయకుండా కాగితంలో చుట్టి ఇచ్చే మాత్రల్లో తరచుగా ఉండేవి ఇవే. నొప్పికి తప్పనిసరైతే పారాసిటమాల్ ఈ విషయంలో నయం, అదీ మోతాదు డాక్టర్ చెప్పినంత. ఒక జాగ్రత్త: పారాసిటమాల్ అని పెద్ద అక్షరాల్లో ఉన్న అట్టల మీదే పక్కన ఎసిక్లోఫెనాక్ అని కూడా ఉంటుంది, అది వద్దు.

టెల్మిసార్టన్‌ని తిట్టడానికి ఇదంతా చెప్పలేదు. మూత్రంలో ప్రోటీన్ పోయేవాళ్లకు, బీపీ ఉన్నవాళ్లకు దీర్ఘకాలంలో కిడ్నీని కాపాడే మందే అది. వాంతులు విరేచనాలతో పడకేసిన రోజుల్లో ఆపాలా వద్దా అన్నది మీ డాక్టర్‌ని ముందే అడిగి పెట్టుకోండి.

ఇక ఆరు లీటర్ల సంగతి. నాళికలో జరిగేది చూశాక అర్థమై ఉంటుంది, మీరు తాగిన నీరు గ్లోమెరులస్‌ని కడుగుతూ పోదు. వడకట్టేది 180 లీటర్లు, ఆ లెక్క రక్తం ఒత్తిడి మీద ఉంటుంది. మీరు రెండు లీటర్లు అదనంగా తాగితే చివరి గొట్టంలో నీటి ద్వారాలు మూసుకుంటాయి, ఆ రెండు లీటర్లు పల్చటి మూత్రంగా పోతాయి. అంతే. కిడ్నీ జబ్బు మధ్య దశలో ఉన్న 631 మందిని కెనడాలో రెండు గుంపులు చేసి, ఒక గుంపును రోజుకు లీటరు, లీటరున్నర అదనంగా తాగమని ప్రోత్సహించారు. ఏడాది తర్వాత చూస్తే కిడ్నీ పనితీరు తగ్గడంలో రెండు గుంపులకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఫలితాలు 2018లో వచ్చాయి.

ఈ నమ్మకం ఎక్కడి నుంచి పుట్టిందంటే, రాళ్ల నుంచి. కిడ్నీలో రాళ్లున్నవాళ్లకు నీళ్లు నిజంగానే మందు. రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేలా తాగమంటాం, అప్పుడు కాల్షియం, ఆగ్జలేట్ పల్చబడి స్ఫటికం కట్టవు. మన సీమ ఎండకు రాళ్ల బాధ ప్రతి వీధిలో ఒకరికి ఉంటుంది కాబట్టి ఆ సలహా అందరికీ పాకింది.

ఎక్కువ తాగితే నష్టమేమిటి అంటారేమో. ఆరోగ్యమైన కిడ్నీ కూడా గంటకు లీటరుకు మించి నీటిని వదల్లేదు. చెమటలో ఉప్పు పోగొట్టుకున్న మనిషి ఒట్టి నీళ్లే గబగబా తాగుతూ పోతే రక్తంలో సోడియం పడిపోతుంది. తలనొప్పి, వికారం, తికమక, మరీ తగ్గితే ఫిట్స్. చుట్టూ ఉన్నవాళ్లు "వడదెబ్బ" అనుకుని ఇంకా నీళ్లు తాగిస్తారు. కాబట్టి పని ఉన్న రోజుల్లో దాహం వేసేదాకా ఆగకుండా మధ్యమధ్య తాగుతూ, మూత్రం లేత పసుపులో ఉండేలా చూసుకుంటే సరిపోతుంది. చెంబులు లెక్కపెట్టనక్కర్లేదు. బి కాంప్లెక్స్ మాత్ర వేసుకుంటే రంగు ఎట్లాగూ పచ్చగా వస్తుంది, ఆ రోజు రంగు చూసి కంగారు పడొద్దు.

మజ్జిగ విషయం. బీపీ ఉన్నా లేకున్నా పెద్దవాళ్లకు రోజు మొత్తం మీద ఉప్పు ఐదు గ్రాముల లోపు ఉంటే మంచిదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. మన ఇళ్లలో అది ఎక్కడ దాటిపోతుందంటే సంగటిలోకి నంజుకునే ఊరగాయలో, శెనక్కాయల చట్నీలో, సాయంత్రం బజ్జీల్లో. ఎండలో పని చేసే పూట చిటికెడు ఉప్పేసిన పల్చటి మజ్జిగ రెండు గ్లాసులు తాగితే వచ్చే నష్టం ఏమీ లేదు, ఊరగాయ తగ్గించండి చాలు. బాగా చెమట పట్టి కాళ్లు పట్టేసే రోజున ఓఆర్ఎస్ కూడా మంచిదే. లీటరు ప్యాకెట్‌లో ఉండే ఉప్పు 2.6 గ్రాములే. కాకపోతే ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలోనే కలపాలి, గ్లాసులో కొంచెం కొంచెం వేసుకుంటే గాఢత తప్పుతుంది. సెలవు రోజు ఇంట్లో కూర్చుని ఉప్పు మజ్జిగ, ఓఆర్ఎస్ తాగాల్సిన పని లేదు. ఇది మీ నాయనకు చెబుతున్న మాట. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు, కాళ్ల వాపులున్నవాళ్లకు వర్తించదు.

కావాల్సినవి వెనక్కి ఏరుకునే కిడ్నీ పని ఎంత కష్టమో చూడాలంటే డయాలసిస్ గదికి రావాలి. మెషిన్‌కు వడకట్టడం వచ్చు, మనిషికి ఇవాళ ఏమి కావాలో తెలియదు. వారానికి మూడు సార్లు, నాలుగేసి గంటలు. ఒక్కసారికి 120 లీటర్ల డయాలసిస్ ద్రవం రక్తం పక్క నుంచి, మధ్యలో పొరతో, పారుతుంది. అందులో సోడియం ఎంత, పొటాషియం ఎంత అన్నది మేము ముందే నిర్ణయించాలి. ఎంత నీరు తీయాలన్నది రోగి బరువు చూసి లెక్క వేయాలి. సోమవారం పొద్దున తూకం ఎక్కేటప్పుడు చూడాలి వాళ్ల మొహాలు. చెప్పులు విడిచేవాళ్లు, జేబులో ఫోను తీసి భార్య చేతికిచ్చేవాళ్లు. ఆదివారం రెండు ముక్కలు ఆవకాయ తిన్నవాడు దాహం ఆపుకోలేక తాగేస్తాడు, తూకం మూడు కిలోలు ఎక్కువ చూపిస్తుంది. అది కండ కాదు, ఉప్పు పట్టి ఉంచిన నీరు. వాళ్లకు మేం నీళ్లు తగ్గించమనే కంటే ముందు ఉప్పు తగ్గించమంటాం, ఉప్పు తగ్గితే దాహమే తగ్గుతుంది.

పొటాషియం ఇంకో గండం. మామూలు కిడ్నీ చివరి గొట్టంలో దాన్ని అవసరాన్ని బట్టి బయటికి నెడుతుంది. ఆ పని ఆగినవాళ్లకు కొబ్బరి నీళ్లు, అరటిపండు, చీనీ (బత్తాయి) రసం గుండె లయను తప్పించేంత పని చేయగలవు. మన అనంతపురం చీనీ తోటల మధ్య పుట్టి చీనీ తాగొద్దంటే ఎవరికైనా బాధే. మీ నాయన ఇంకా ఆ దశలో లేడు, మానాల్సిన పని లేదు. పొటాషియం పరీక్ష మాత్రం చేయించండి, టెల్మిసార్టన్ వాడేవాళ్లకు అది కొంచెం పెరగొచ్చు.

చివరగా ఆ 1.4. క్రియాటినిన్ కండరాల్లో రోజూ తయారయ్యే వ్యర్థం. సమస్య ఏమిటంటే కిడ్నీ పనిలో దాదాపు సగం పోయేదాకా అది పెద్దగా కదలకపోవచ్చు. 52 ఏళ్ల మగమనిషికి 1.4 అంటే ఇప్పుడు వాడే లెక్క ప్రకారం వడపోత నిమిషానికి 60 మిల్లీలీటర్ల దగ్గర. కానీ బరువులెత్తే కండ ఉన్నవాడికి కిడ్నీ బాగున్నా క్రియాటినిన్ కాస్త ఎక్కువే చూపొచ్చు. ముందు రోజు రాత్రి మటన్ తిన్నా, ఒళ్లు ఎండి ఉన్నా, నొప్పి మాత్ర వేసుకుని ఉన్నా పెరుగుతుంది. ఒక్క రిపోర్టు చూసి కిడ్నీ జబ్బు అని ముద్ర వేయరు, తేడా మూడు నెలలకు పైగా ఉండాలి. రాత్రి రెండు మూడు సార్లు మూత్రానికి లేవడం కొత్తగా మొదలైందా అని కూడా అడగండి. జబ్బు పడ్డ కిడ్నీ ముందుగా పోగొట్టుకునే శక్తుల్లో మూత్రాన్ని చిక్కబరచడం ఒకటి. బాగున్న కిడ్నీ రోజు వ్యర్థాన్ని అర లీటరులో పంపగలదు, చిక్కబరచలేనిదానికి రెండు లీటర్లు కావాలి. అట్లాంటి మనిషి ఒక్కపూట నీళ్లు తాగకపోయినా తొందరగా ఎండిపోతాడు.

నొప్పి మాత్రలు ఆపిన వారం, పది రోజులకు క్రియాటినిన్, పొటాషియం, షుగరు మళ్లీ చేయించండి. ముందు రోజు మాంసం వద్దు, నీళ్లు మామూలుగా తాగాలి. పొద్దున లేవగానే వచ్చే మూత్రంతో, ప్రోటీన్ పోతోందో లేదో చెప్పే అల్బుమిన్-క్రియాటినిన్ రేషియో చేయించండి. 30 లోపు ఉంటే చాలావరకు ధైర్యంగా ఉండొచ్చు. పైన ఉంటే క్రియాటినిన్ మామూలుగా వచ్చినా వదిలేయకూడదు. ఒక స్కానింగ్ కూడా. ఈ కాగితాలన్నిటితో పాటు ఇంట్లో ఉన్న మాత్రల ఖాళీ అట్టలు కూడా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి, కాగితంలో చుట్టి ఇచ్చినవి మిగిలి ఉంటే వాటినీ. పేరు తెలియని ఆ మాత్ర ఏదో తెలిస్తే సగం పని అయినట్టే.